మా తాతకు రెండు పేర్లు

మా బాపమ్మ బతికినన్నాళ్లూ తాత పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పాతకాలం మనిషి. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. పెళ్లిళ్లలో ఆడబిడ్డలు తలుపుకు అడ్డం నిలబడి "పేరు చెప్తేనే లోపలికి రానిస్తం" అని ఎంత సతాయించినా నవ్వేదే తప్ప చెప్పేది కాదట. అలాంటిది 2022 ఫిబ్రవరిలో, తాత పోయిన నెలకు, పెన్షన్ మార్పించే పని మీద బ్యాంకుకు తీసుకెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి "మీ ఆయన పేరు చెప్పండమ్మా" అనగానే టక్కున చెప్పేసింది. ఇంటిపేరుతో సహా.

బయటికొచ్చాక ఆగలేక అడిగాను. "అదేంది బాపమ్మా, తాత పేరు అనవు గదా నువ్వు?"

"అది మీ తాత పేరు గాదు గదరా. బాయి పేరు. దాన్ని నూరుసార్లన్నా అంట."

అవును, మా తాతకు రెండు పేర్లు. ఊరి పేరొకటి, బాయి పేరొకటి. మా దిక్కు బొగ్గు గనిని గని అనరు, బాయి అంటారు. వాళ్లమ్మ పెట్టిన పేరుతో తాత ఇరవై ఏడేళ్లు బతికాడు. తర్వాత ముప్పై తొమ్మిదేళ్లు ఇంకో మనిషి పేరుతో భూమి లోపలికి దిగాడు. ఆ ఇంకో మనిషి ఎక్కడివాడో కాదు, మా ఊరివాడే. ఇప్పటికీ ఉన్నాడు. అందుకే ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు, ఏ బాయో కూడా రాయడం లేదు. ఈ కథ ఎప్పుడో రాద్దామనుకున్నా. "రాయకు బిడ్డా, వచ్చే నాలుగు పైసలు గూడ ఆగుతయ్" అని బాపమ్మ పడనివ్వలేదు. పోయినేడు బాపమ్మ కూడా పోయింది. ఇక ఆగడానికి ఏమీ మిగల్లేదు.

కంపెనీ అంటే ఒకటే

నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో. ఊరి పేరులోనే గోదావరి ఉంది, గని ఉంది. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు బయటపడింది. ఆ దగ్గర్లోని సింగరేణి అనే చిన్న పల్లె పేరే 1920లో కంపెనీ పేరైంది. కొత్తగూడెం, ఇల్లందు, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి... గోదావరి, ప్రాణహిత లోయ వెంట మా ఊళ్లన్నీ ఆ బొగ్గు వల్లే పెద్దవయ్యాయి. మా దగ్గర 'కంపెనీ' అంటే ఒక్కటే అర్థం. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని చెబితే పక్క క్వార్టర్ పెద్దమనిషి "కంపెనీలనా?" అని మెరిసే కళ్లతో అడిగాడు. కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటే ఆ మెరుపు కాస్త తగ్గింది.

పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మూడు షిఫ్టులు. మా ఇంట్లో గడియారం తర్వాత కొన్నారు, ముందు సైరనే గడియారం. తాతది ఫస్ట్ షిఫ్ట్ అయితే బాపమ్మ నాలుగున్నరకే లేచి బొగ్గు పొయ్యి అంటించేది. కాలనీ మొత్తం ఒకేసారి పొయ్యిలు అంటుకుని, క్వార్టర్ల మీద నీలం రంగు పొగ పరుచుకునేది. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే. ఊపిరితిత్తులకు మంచిది కాదని తెలుసు.

తాత చేరింది కోల్ ఫిల్లర్‌గా. అంటే ఏం పనో ఈ తరానికి చెప్పాలి. లోపల బొగ్గు గోడకు రంధ్రాలు వేస్తారు. షాట్ ఫైరర్ వచ్చి మందు పెట్టి పేలుస్తాడు. దుమ్ము, మందు వాసన కాస్త తగ్గగానే ఫిల్లర్లు వెళ్లి, రాలిన బొగ్గును చెమ్మాసుతో తట్టలోకి ఎత్తి, తట్టతో టబ్బులో పోయాలి. చెమ్మాసు అంటే పెద్ద పార. టబ్బు అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్టి, టన్ను దాకా పడుతుంది. నిండిన టబ్బుల లెక్కే కూలి. నడుముకు బ్యాటరీ, తలకు లైటు. పాత బ్యాటరీల్లో యాసిడ్ ఉండేది. అది కారితే ప్యాంటు కాలేది, కింద తోలు కూడా కాలేది. తాత నడుము మీద ఎడమ పక్క అరచేయంత మచ్చ ఉండేది. చిన్నప్పుడు దాన్ని ఇండియా మ్యాప్ అనేవాణ్ని.

ఇంకో అలవాటు చెప్పాలి. లోపలికి వెళ్లగానే కర్రతో పైకప్పును కొట్టి చూస్తారు. గట్టి చప్పుడైతే పర్లేదు. డొల్ల చప్పుడైతే ఆ బండ వదులైందని అర్థం, దాని కింద నిలబడకూడదు. చూపుతో కాదు, చెవితో బతకాలి అక్కడ. తాత రిటైరయ్యాక కూడా ఎవరింటికి వెళ్లినా చేతికర్రతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. చుట్టాలు ఇబ్బంది పడేవాళ్లు. ఇల్లు బాగాలేదని అంటున్నాడేమో అనుకునేవాళ్లు.

జత బట్టలకు ఒక పేరు

సింగరేణి ప్రాంతంలో 'మారుపేర్లు' అనే మాట అనండి, ఎవరైనా మీకో కథ చెబుతారు. యూనియన్ ఎన్నికలొస్తే మీటింగుల్లో ఈ మాట వినపడుతుంది. ఒకరికి వచ్చిన కాగితం మీద ఇంకొకరు చేరడం, ఊర్లో అప్పో గొడవో ఉండి వేరే పేరు చెప్పి చేరడం, ముద్దుపేరే రికార్డులోకి ఎక్కడం... కారణాలు రకరకాలు. చేరినప్పుడు ఎవరికీ పట్టలేదు. కొడుకుల సర్టిఫికెట్ల మీద తండ్రి పేరొకటి, కంపెనీ కాగితాల మీద ఇంకొకటి ఉన్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

మా తాత సంగతి ఇదీ. 1970. తాత అప్పటికి ఊర్లో ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉన్నాడు. నెల జీతం కాదు, ఏడాదికి ఇన్ని వడ్లు అని మాట్లాడుకుని పొద్దున లేస్తే పశువుల దగ్గర, రాత్రయితే మోట దగ్గర పనిచేసే జీతం. పైన అప్పు. అదే వాడకట్టులో ఇంకో కుర్రాడికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ నుంచి కార్డు వచ్చింది. తాత కంటే ఆరేళ్లు చిన్న. ఆ కుర్రాడు వెళ్లి ఒక్కరోజు బాయి చూసి మర్నాడు ఊరికి తిరిగొచ్చేశాడు. "లోపల పొద్దు లేదు, మాపు లేదు. సచ్చినా పోను" అన్నాడట.

తాత ఆ రాత్రి వాళ్లింటికి వెళ్లాడు. "నువ్వు పోకుంటే నేను పోత. నీ పేరియ్యి" అన్నాడు. డబ్బులు లేవు ఇవ్వడానికి. ప్రతి దసరాకు ఒక జత బట్టలు పెడతానన్నాడు. ఆ కార్డు మీద ఫొటో లేదు. అంతే, బేరం కుదిరింది.

చేరిన మొదటి వారంలో తాతవి రెండు మస్టర్లు పోయాయట. మస్టర్ అంటే హాజరు. పేరు పిలిస్తే పలకాలి కదా. ఎవరినో పిలుస్తున్నారనుకుని తాత బిత్తరపోయి నిలబడ్డాడు. ఇంటికొచ్చి చెబితే బాపమ్మ ఒక ఉపాయం చేసింది. రోజూ పొయ్యి దగ్గర్నుంచి ఆ కొత్త పేరుతో గట్టిగా కేకేసేది. తాత వెంటనే "ఆఁ" అనాలి. నిద్రలో ఉన్నప్పుడు కూడా పిలిచేదట. మొగుడి పేరు పలకని మనిషి, ఆ పేరును మాత్రం నోరారా పిలిచి పిలిచి తాతకు అలవాటు చేసింది. బ్యాంకులో టక్కున చెప్పిందంటే చెప్పదా మరి. యాభై ఏళ్ల ప్రాక్టీసు.

కాలనీలో అందరూ తాతను బాయి పేరుతో పిలిచేవారు, ఊరికి వెళ్తే అసలు పేరుతో. చిన్నప్పుడు నేను అందరి తాతలకూ రెండు పేర్లుంటాయనే అనుకున్నా. ప్రతి దసరా ముందు ఊరి నుంచి ఒకాయన సంచి నిండా సీతాఫలాలు తెచ్చేవాడు. తాత ఆయనకు కొత్త ధోతి, అంగీ పెట్టి భోజనం చేయించి పంపేవాడు. ఆయన్ని నేను 'పేరు తాత' అనేవాణ్ని. ఎవరు నేర్పారో గుర్తులేదు. ఎందుకలా అంటారని అడగాలని కూడా తట్టలేదు.

1996

మా బాపు ఇద్దరక్కల తర్వాత ఒక్కగానొక్క కొడుకు. తాతకు క్వార్టర్ రాకముందు ఊరి బడిలోనే చేరాడు. కాబట్టి సర్టిఫికెట్ల మీద తండ్రి పేరు దగ్గర తాత అసలు పేరుంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, పెళ్లి చేసుకుని, ఖాళీగా ఉన్నాడు. అప్పట్లో వారసత్వ ఉద్యోగాలుండేవి. తండ్రి దిగిపోతే కొడుకు ఎక్కేవాడు. తొంభైల చివర్లో అవి ఆగిపోయాయి. ఆగుతాయని ముందే గుసగుసలు మొదలయ్యేసరికి కాలనీలో ప్రతి ఇంట్లో అదే ముచ్చట. ఒక్కో తండ్రి దిగిపోతున్నాడు, ఒక్కో కొడుకు తలకు లైటు పెట్టుకుంటున్నాడు.

బాపు అడిగాడు. తాత వద్దన్నాడు.

పేరు తేడా సంగతి బాపుకు తెలుసు. కానీ అఫిడవిట్ తెస్తే చాలని ఎవరో చెప్పారు. ప్రయత్నమైనా చేద్దామన్నాడు. తాత అదీ వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. "ఐటీఐ సదివినవ్ గదా, చేతిల పనుంది, బతుకు" అన్నాడు. అమ్మ అప్పుడు ఐదో నెల. కడుపులో ఉన్నది నేనే. బాపు కోపంతో పళ్లెం విసిరికొట్టాడని అమ్మ చెబుతుంది. బాపు మాత్రం పక్కకు పెట్టానంటాడు. ఆ పళ్లెం ఇంకా ఉంది మా ఇంట్లో, అంచు సొట్టపోయి. అమ్మ మాటే నిజమని నా అభిప్రాయం.

ఆ తర్వాత రెండేళ్లు తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేదు. రెండు గదుల క్వార్టర్‌లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ. బాపు మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. అడ్వాన్స్ డబ్బులు తాతవే, కానీ బాపు వాటిని బాపమ్మ చేతి నుంచి తీసుకున్నాడు. "మీ అయ్యకు చెప్పు", "నీ కొడుకుకు చెప్పు" అని అన్నీ బాపమ్మ ద్వారానే. మధ్యలో నేను పుట్టాను. నా పేరేమిటో తాత, బాపు ఒకరినొకరు అడక్కుండానే ఖాయం చేశారట. అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మాటలు మళ్లీ కలిసింది ఒక పంపు వల్ల. అప్పటికి బాయిలోకి మిషన్లు వస్తున్నాయి, ఫిల్లర్ల అవసరం తగ్గుతోంది. తాతను పంపు దగ్గర వేశారు. గనిలో ఊరే నీటిని ఇరవై నాలుగు గంటలూ పైకి తోడుతూ ఉండాలి, లేకపోతే మునిగిపోతుంది. ఒకరోజు తాత అన్నం తింటూ గాలిలోకి చూస్తూ "పంపు గర్రుమంటుంది, నిన్న మొన్న ఇట్ల లేదు" అన్నాడట. బాపు కూడా గాలిలోకి చూస్తూ "బేరింగ్ పోయింటది" అన్నాడట. మర్నాడు చూస్తే బేరింగే. అప్పట్నుంచి ఇద్దరికీ పంపులు, మోటార్ల ముచ్చట్లు ఉండేవి. ఉద్యోగం ముచ్చట మాత్రం మళ్లీ ఎన్నడూ రాలేదు.

కాగితం మీద అరవై

తాత 2009లో రిటైరయ్యాడు. నాకు పన్నెండేళ్లు. దండలు వేశారు, శాలువా కప్పారు. అరవై ఏళ్లు నిండినందుకు పదవీ విరమణ. నాకు లెక్కల పిచ్చి ఎక్కువ. రజాకార్ల లొల్లి అప్పుడు తాను ఐదేళ్ల పోరణ్నని తాత ఎప్పుడూ చెప్పేవాడు. ఆ లొల్లి ముగిసి పోలీస్ యాక్షన్ జరిగింది 1948లో అని బళ్లో చదివాను. వేళ్ల మీద లెక్కేసి అందరి ముందూ "తాతా, నీకు అరవై ఆరు గదా!" అన్నా.

తాత నా నోటి మీద చేయి పెట్టాడు. "గట్టిగ అనకు."

ఆ రోజు అది పెద్ద జోక్. ఇప్పుడు తల్చుకుంటే జోక్ కాదు. అరువు తెచ్చుకున్న పేరుతోపాటు అరువు వయసు కూడా వచ్చింది. పేరు తాత ఆరేళ్లు చిన్న కాబట్టి మా తాత ఆరేళ్లు ఎక్కువ పనిచేయాల్సి వచ్చింది. వయసువాళ్లంతా దిగిపోయి అరుగుల మీద కూర్చుంటే, తాత అరవై మూడో ఏట, అరవై ఐదో ఏట టార్చి, టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంక్లైన్‌లో కిందికి నడిచేవాడు. ఇంక్లైన్ అంటే ఏటవాలు దారి. దిగడం సులువే, ఎక్కడమే. ఆఖరి ఏళ్లలో షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక గడప ఎక్కడానికి కూడా బాపమ్మ భుజం పట్టుకునేవాడు. ముందే దిగిపోవచ్చు కదా అని ఎవరైనా అంటే, నా చదువు పేరు చెప్పేవాడు. నా ఇంటర్ ఫీజు, ఇంజినీరింగ్ మొదటి ఏడాది హాస్టల్ ఖర్చు తాత రిటైర్మెంట్ డబ్బులే.

2011లో సకల జనుల సమ్మె అప్పుడు బొగ్గు బాయిలన్నీ ఆగిపోయాయి. తాత రిటైరై రెండేళ్లు. అయినా రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని బాయి గేటు దాకా వెళ్లి శిబిరంలో కూర్చుని వచ్చేవాడు. ఉద్యమం మీద ఇష్టం ఉంది, నిజమే. కానీ బాపమ్మ మాట వేరే: "ఇంట్ల పొద్దు పోక పోతుండు."

తొమ్మిదో అంతస్తులో

2019లో నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. కొండాపూర్‌లో ముగ్గురు ఫ్రెండ్స్‌తో ఫ్లాట్, తొమ్మిదో అంతస్తు. డిసెంబర్‌లో కంటి ఆపరేషన్ కోసం తాతను తీసుకొచ్చాను. లిఫ్ట్‌లో బేస్‌మెంట్ పార్కింగ్‌కు దిగుతున్నప్పుడు తాత చెయ్యి తనంతట తానే నుదుటి మీదికి వెళ్లింది. లైటు ఉందో లేదో చూసుకుంటోంది. నేను చూశానని గమనించి చెయ్యి దించేశాడు. ఫ్లాట్‌లోకి రాగానే యథాప్రకారం గోడ మీద రెండు దెబ్బలు. "మంచిగనే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. మా ఓనర్ వింటే సంతోషించేవాడు.

ఆ రాత్రి బాల్కనీలో కూర్చున్నాం. "నువ్వు చేసే పనేంది బిడ్డా, ఒక్కసారి నాకు తెలిసేటట్టు చెప్పు" అన్నాడు. బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసే టీం నాది. రెండు రికార్డులు ఒకే మనిషివా, ఇద్దరు వేర్వేరు మనుషులవా అని తేల్చే కోడ్ రాయడం నా పని. పేరు స్పెల్లింగ్ కొంచెం తేడా ఉన్నా, పుట్టిన తేదీ, తండ్రి పేరు, అడ్రస్ కలిపి చూసి మార్కులు వేస్తుంది. ఇన్ని మార్కులు దాటితే ఒకే మనిషి. ఇదంతా నాకు వచ్చిన తెలుగులో చెప్పాను.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "పేరొక్కటే ఉండి మనిషి వేరేగ ఉంటే దొరుకుతదా నీ మిషన్ల?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆ తర్వాత తాత నాకు 1996 సంగతి చెప్పాడు.

బాపు అడగడానికి వారం ముందే పేరు తాత వచ్చాడట. దసరా కాదు, కానీ సీతాఫలాల సంచి మాత్రం ఉంది. మంచం మీద కూర్చుని చాయ్ తాగాడు. ఏమీ అడగలేదు. పోయేముందు ఒక్క మాట: "మా పోరడు గూడ పెద్దగయిండే. పదోది తప్పిండు. ఊళ్ల ఏం పనులున్నయ్." అంతే. సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

"ఆయన అడగలే బిడ్డా. అడిగినా బాగుండు. కాదనేటోణ్ని. అడగలే." తాత చేతికర్రను అటూ ఇటూ తిప్పుతూ చెప్పాడు. "కాయితం మీద ఆ నౌకరి ఆళ్లది. సెమట నాది. మీ బాపుకు ఇస్తే ఆళ్ల పోరని నోటికాడిది గుంజుకున్నట్టు. ఆళ్ల పోరనికిస్తే కన్నకొడుకును ముంచినట్టు. పైనుంచి ఎంక్వైరీల పడితే నేనూ జైలుకు, ఆయనా జైలుకు. ఎవనికియ్యాలె? ఎవనికీ ఇయ్యలే. నేనే చేసిన."

"బాపుకు చెప్పొచ్చు గదా తాతా?"

"చెప్తే మీ బాపు ఆళ్లింటికి పోయి కొట్లాడుతుండె. ఆయనను తిడుతుండె. నన్ను తిట్టిండు, మంచిగనే ఉంది."

నాకు అప్పుడు కోపమే వచ్చింది, నిజం చెప్పాలంటే. ఇరవై మూడేళ్లు ఒక మనిషిని నిన్ను అపార్థం చేసుకోనివ్వడం గొప్పతనమా? బాపు ఆ కోపంతో ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నేను చూశాను. చెప్పి ఉంటే బాపు కొట్లాడేవాడేమో, కానీ తర్వాత అర్థం చేసుకునేవాడు కదా. ఈ మాట తాతతో అనలేదు. తాత కూడా "మీ బాపుకు చెప్పకు" అన్నాడు. నేను మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. తర్వాత రెండేళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా గొంతు దాకా వచ్చి ఆగేది.

2022 జనవరిలో తాత పోయాడు. ఎక్కువ బాధ పడలేదు, నాలుగు రోజులు మంచంలో ఉన్నాడు. మూడో నాటి రాత్రి బాపుకు మొత్తం చెప్పేశాను. బాపు షాపులో ఉన్నాడు, ఎవరిదో మోటార్ విప్పి ముందు పెట్టుకుని. చేతులు ఆగాయి. నేను ఏదేదో ఊహించుకున్నాను, ఏడుస్తాడనో అరుస్తాడనో. బాపు ఒక్కటే అడిగాడు.

"సీతాఫలాల సంచి తెచ్చిన్నాడా?"

"అవును."

"నేనే తిన్న అన్ని పండ్లు" అన్నాడు. మళ్లీ మోటార్ మీదికి వంగాడు. రాగి తీగ చుట్టలు లెక్కపెడుతూ, లెక్క తప్పి, మొదట్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

పెద్దకర్మ నాడు

పెద్దకర్మకు పేరు తాత వచ్చాడు, కొడుకుతో. ఆ కొడుకు పన్నెండేళ్లు మస్కట్‌లో బిల్డింగ్ పనులు చేసి వచ్చి, ఇప్పుడు ఊర్లో ట్రాక్టర్ నడుపుతున్నాడు. వచ్చినప్పట్నుంచీ ఆయన ఒక్క నిమిషం కూర్చోలేదు. టెంటు కట్టించడం, బంతి వడ్డించడం, అన్నీ తనవే అన్నట్టు చేశాడు. సాయంత్రం బాపు, ఆయన వెనక వాకిట్లో నిలబడి బీడీలు కాల్చుకోవడం చూశాను. బాపు బీడీ మానేసి పదేళ్లయింది. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. వినాలని దగ్గరికి వెళ్తే ఇద్దరూ ఆపేశారు.

పేరు తాత నన్ను పిలిచి "కాయితం వచ్చిందటగా, సూపియ్యి" అన్నాడు. డెత్ సర్టిఫికెట్. పెన్షన్ కోసం బాయి పేరు మీదే తీసుకున్నాం, వేరే దారి లేదు. ఆయనకు చదవడం రాదు. "సదువు" అన్నాడు. చదివాను. ఆయన పేరు. ఆయన తండ్రి పేరు. చనిపోయిన తేదీ.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత నోట్లో ఉన్న నాలుగు పళ్లూ కనపడేలా నవ్వాడు. "నేను సచ్చిన్నన్నట్టు!" అక్కడున్న వాళ్లంతా నవ్వారు. బాపమ్మ కూడా, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి.

నవ్వులు ఆగాక ఆయన కాగితాన్ని చేతిలోకి తీసుకుని, తండ్రి పేరున్న చోట వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. ఆ గీత మీద చాలాసేపు వేలు ఆనించి ఉంచాడు. వెళ్లేటప్పుడు బాపు కొత్త ధోతి, అంగీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. దసరా కాదు కదా అన్నట్టు చూశాడు. బాపు ఏమీ అనలేదు. ఆయనా వద్దనలేదు. అప్పట్నుంచి ప్రతి దసరాకు బాపు ఊరికి వెళ్లి ఇచ్చి వస్తున్నాడు.

ఒక పని మాత్రం మిగిలిపోయింది. ఊర్లో తాతకు ఇరవై గుంటల భూమి ఉంది, ఊరి పేరు మీద. బాపు పేరుకు విరాసత్ చేయించాలంటే ఆ పేరు మనిషి చనిపోయినట్టు కాగితం కావాలి. ఆ కాగితం లేదు. ఇప్పుడు అడగాలంటే ఒకే మనిషి రెండు పేర్లతో ఎలా పోయాడో వివరించాలి. నేను డబ్బు తీసుకుని చేసే పనే అది. అయినా ఈ ఫైలును ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియడం లేదు. బాపుకు చెబితే "ఉండనియ్యి, ఏం తొందర" అంటాడు. ఎకరానికి ఇంత రేటు పలుకుతోందని అమ్మ గుర్తుచేస్తుంది. బాపు వినడు.

మొన్న ఆఫీస్ బస్‌లో వస్తూ ఫోన్‌లో భూముల సైట్ తెరిచి జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబర్ కొట్టాను. కాసేపు తిరిగి తెరుచుకుంది. పట్టాదారు పేరు దగ్గర తాత అసలు పేరు. బాపమ్మ ఒక్కసారి కూడా పలకని పేరు. పక్కన విస్తీర్ణం: 0 ఎకరాల 20 గుంటలు. స్క్రీన్‌షాట్ తీసి బాపుకు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాల తర్వాత రిప్లై వచ్చింది, ఆయన ఎప్పుడూ పంపే వాయిస్ మెసేజ్. వెనక మోటార్ తిరుగుతున్న చప్పుడు.

"సూసిన. అన్నం తిన్నవా?"